కదిలే పిల్లలు, చాలని వెలుతురు: బ్లాక్ అండ్ వైట్‌కి ఏ రీలు, ఏ పద్ధతి?

ఫిల్మ్ కెమెరా కొత్తగా చేతికొచ్చినవాళ్ళు ముందు అడిగేది ఏ కెమెరా మంచిదని. పిల్లల్ని వాళ్ళ మానాన వాళ్ళుండగా తీయాలనుకునేవాళ్ళకు ఆ ప్రశ్న ఆఖరున వస్తే చాలు. తాతగారి బీరువాలో దొరికిన పెంటాక్స్ అయినా, హైదరాబాదు కోఠిలో బేరమాడి తెచ్చుకున్న నికాన్ అయినా ఫొటోలో పెద్ద తేడా రాదు. ఏ రీలు వేశారు, దాన్ని ఏ స్పీడుకు వాడారు, ఎలా కడిగారు (డెవలప్ చేశారు) అన్న దగ్గరే అసలు తేడా వస్తుంది. ఇవి తేలాలంటే ముందు వెలుతురు సంగతి చూడాలి.

వెలుతురు ఎంత ఉందని అందరూ చూస్తారు. ఎలా ఉందన్నది చాలామంది పట్టించుకోరు. ఒక మామూలు టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకోండి. ఆదివారం పొద్దున కిటికీ పక్కన నేల మీద కూర్చుని పిల్ల బొమ్మలేసుకుంటోంది. 400 స్పీడు రీలుకి (ఈ అంకె పెద్దదయ్యేకొద్దీ రీలుకి తక్కువ వెలుతురు చాలు) కిటికీ వైపు చెంప దగ్గర వెలుతురు కొలిచే మీటర్ షట్టర్‌కి 1/125 సెకను, లెన్సుకి ఎఫ్ 2.8 చూపిస్తుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరిచినట్టు). రెండో చెంప దగ్గర పెడితే మూడు స్టాపులు తక్కువ. ఒక్కో స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది. అంటే ఇటు పడే వెలుతురులో అటు పడేది ఎనిమిదో వంతే. అదే గదిలో రాత్రి ఎనిమిదింటికి ట్యూబ్‌లైటు కింద చూడండి. రీలును 1600కి వాడితే గానీ 1/125, ఎఫ్ 2 రాదు. కానీ రెండు చెంపలకీ మధ్య ఒక స్టాపు తేడా కూడా ఉండదు. పగటి వెలుతురు ఎక్కువే, కానీ కరుకు. రాత్రిది తక్కువ, పైగా చప్పన. ఈ రెండింటికీ ఒకే పద్ధతి వాడితే రెండూ చెడతాయి.

కారణం పుష్ చేయడంలో ఉంది. 400 రీలును 1600 అనుకుని మీటర్ పెడితే, దానికి రెండు స్టాపుల వెలుతురు తక్కువ అందుతుంది. రీలును డెవలపర్‌లో (బొమ్మను పైకి తెచ్చే రసాయనంలో) ఎక్కువసేపు ఉంచి ఆ లోటును పూడుస్తాం. పూర్తిగా పూడదు. మధ్య టోన్లు, తెలుపులు పైకి లేస్తాయి గానీ, వెలుతురే తగలని నీడల్లోకి ఎంతసేపు కడిగినా ఏమీ రాదు. ఫలితంగా కాంట్రాస్ట్ పెరుగుతుంది. ట్యూబ్‌లైటు చప్పదనానికి ఈ పెరుగుదల చక్కగా సరిపోతుంది. కిటికీ పక్కన అదే పని చేస్తే ఒక చెంప సున్నం కొట్టినట్టు, రెండోది బొగ్గులా వస్తుంది. అందుకే చీకటిగా ఉందనగానే పుష్ అనేయకండి. చీకటిగా, చప్పగా ఉంటే పుష్. కరుకుగా ఉంటే రీలును దాని సొంత స్పీడుకే వాడి, లెన్సు పూర్తిగా తెరవండి. పిల్ల కిటికీ నుంచి ఒక అడుగు లోపలికి జరిగేదాకా ఆగినా మంచిదే.

400 రీళ్ళలో ఏది

అసలు పోటీ రెండింటి మధ్యే: ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్, కొడాక్ ట్రై-ఎక్స్. ట్రై-ఎక్స్ 35 ఎంఎం రీలుగా 1954 నుంచి ఉంది, పేపరు ఫొటోగ్రాఫర్ల చేతుల్లో తరాల తరబడి నలిగింది. హెచ్‌పి5 ప్లస్ 1989లో వచ్చింది. పక్కపక్కన పెట్టి చూస్తే ట్రై-ఎక్స్ మధ్య టోన్లు కాస్త బిగువుగా ఉంటాయి. వరండాలోనో, అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనో 400కే వాడితే మొహాలు బలంగా నిలుస్తాయి. హెచ్‌పి5 మొదట్లో కొంచెం మెత్తగా, చప్పగా కనిపిస్తుంది. ఆ చప్పదనమే పుష్ చేసినప్పుడు కలిసొస్తుంది, ఎందుకంటే కాంట్రాస్ట్ పెరగడానికి ఇంకా చోటుంటుంది.

రాత్రి ఇంట్లో తీసేవాళ్ళకు నా ఓటు హెచ్‌పి5కే. ఇల్‌ఫోర్డ్ వాళ్ళే దీనికి 3200 దాకా టైములు ఇచ్చారు. మైక్రోఫెన్ డెవలపర్ నీళ్ళు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర 400కి ఆరున్నర నిమిషాలు, 800కి 8, 1600కి 11, 3200కి 16. ఐడీ-11 అనే ఇంకో డెవలపర్‌లో అయితే 400కి ఏడున్నర, 1600కి 14. మైక్రోఫెన్ నీడల్లో కాస్త ఎక్కువ వివరం నిలబెడుతుంది కాబట్టి పుష్‌కి అదే మేలు. 3200 నేను వాడను. మొహం వస్తుంది గానీ, నల్లటి జుట్టూ చీకటి గోడా కలిసిపోయి తల ఎక్కడ ఆగిందో తెలియదు.

టీ-మ్యాక్స్ 400 గ్రెయిన్, అంటే ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు, వీటికంటే సన్నం. కానీ డెవలపర్ వేడిలో, టైములో చిన్న తేడా వచ్చినా తెలుపులు చేయి దాటిపోతాయి. మే నెలలో మన కుళాయి నీళ్ళతో దాన్ని ఇంట్లో కడగడం అంటే టెన్షనే. మంచి ల్యాబు చేతిలో ఉంటే తీసుకోండి.

చవక రీళ్ళు కెంట్‌మియర్ 400, ఫోమాపాన్ 400. కెంట్‌మియర్ నేర్చుకోవడానికి బాగుంటుంది, 800 దాకా తట్టుకుంటుంది. ఫోమాపాన్ డబ్బా మీద 400 అని ఉన్నా చాలా డెవలపర్లలో అది నిజానికి 200 చుట్టుపక్కల రీలు. పగలు డాబా మీద ఆడుకునే పిల్లలకైతే సరే. రాత్రికి దాని జోలికి పోవద్దు.

3200 అని రాసున్నవి, కలర్ ల్యాబులో కడిగేవి

ఇల్‌ఫోర్డ్ డెల్టా 3200, కొడాక్ టీ-మ్యాక్స్ పీ3200. రెండోది కొన్నేళ్ళు ఆగిపోయి 2018లో మళ్ళీ వచ్చింది. పేర్లలో 3200 ఉన్నా రెండింటి అసలు స్పీడు సుమారు 1000 దగ్గర. మరి ఎక్కువ డబ్బు పెట్టి ఇవెందుకు, 400 రీలును పుష్ చేస్తే పోలేదా? చాలాసార్లు పోతుంది. కానీ ఇవి పుట్టుకతోనే తక్కువ కాంట్రాస్ట్ రీళ్ళు. వెలుతురు తక్కువగానూ కరుకుగానూ ఉన్న చోట వీటి విలువ తెలుస్తుంది.

దీపావళి రాత్రి గుమ్మంలో ప్రమిదలు పేర్చి ఉన్నాయి, పిల్లవాడు కాకరపువ్వొత్తి పట్టుకుని నిలబడ్డాడు. వెలుగు కిందనుంచి వస్తోంది, చుట్టూ కటిక చీకటి. పుష్ చేసిన హెచ్‌పి5లో కాకరపువ్వొత్తి తెల్లటి మచ్చ అయిపోతుంది, వెనక అమ్మమ్మ మాయమైపోతుంది. డెల్టా 3200ని 1600కి వాడి, 3200కి చెప్పిన టైము కడిగితే ఇద్దరూ నిలుస్తారు. గ్రెయిన్ మాత్రం ధారాళంగా వస్తుంది. అది నచ్చనివాళ్ళు ఈ రీలు వేయకపోవడమే మంచిది, తర్వాత స్కాన్లలో దాన్ని చెరపాలని చూస్తే మొహం మైనంలా తయారవుతుంది.

ఎక్స్‌పీ2 సూపర్ దారి వేరు. ఇది బ్లాక్ అండ్ వైట్ రీలే గానీ కలర్ రీళ్ళు కడిగే సి-41 పద్ధతిలో కడుగుతారు. ఏ కలర్ ల్యాబులోనైనా ఇచ్చేయచ్చు. వెలుతురు కాస్త ఎక్కువైతే క్షమిస్తుంది, తక్కువైతే క్షమించదు. ఒకే రీలులో కొన్ని 200కీ కొన్ని 400కీ తీసినా ఒకేలా కడిగించవచ్చు. పగటి పూట స్కూలు ఫంక్షన్, ఎండలోంచి నీడలోకి పరిగెత్తే పిల్లలు, ఇంట్లో కడిగే ఓపిక లేకపోవడం, ఈ మూడూ ఉంటే ఇదే సుఖం. 800 దాటి వాడాలంటే వద్దు. ఇంకో మాట. మామూలు వెండి రీళ్ళను (పైన చెప్పిన మిగతావన్నీ అవే) పొరపాటున కూడా సి-41 ల్యాబులో ఇవ్వకండి. ఆ రసాయనాలు వెండినంతా తీసేస్తాయి, ఖాళీ ఫిల్మ్ చేతికొస్తుంది. కౌంటర్‌లో కుర్రాడు "అవుతుంది సార్" అన్నా సరే, ఏ పద్ధతిలో కడుగుతారో, పుష్ చేస్తారో లేదో ముందే అడగండి.

హైదరాబాదులో ఎక్కడ ఏది

డిజిటల్‌కి అలవాటు పడ్డవాళ్ళు మర్చిపోయేది ఒకటుంది: రీలు మొత్తానికి ఒకే కడుగు. మధ్యలో స్పీడు మార్చుకోవడం కుదరదు. బతుకమ్మ దీనికి మంచి పరీక్ష. సాయంత్రం ఐదింటికి ఆడపిల్లలు పట్టు లంగాల్లో చుట్టూ చేరే సరికి వెలుతురు పుష్కలం. ఆరు దాటాక సూర్యుడు లేడు, వీధి లైట్లు, పందిరి ఫోకస్ లైట్లే గతి. ఇలాంటప్పుడు మొత్తం 800కి పెట్టుకోండి. మొదట్లో లెన్సు ద్వారం కాస్త మూసుకుంటే సరి, చివర్లో ఎఫ్ 2కి తెరిచి 1/60తో లాగించవచ్చు. 1600కి పెడితే సాయంత్రం తీసినవన్నీ అనవసరంగా గరుకెక్కుతాయి.

నాంపల్లి నుమాయిష్ చూడ్డానికి కనిపించేంత చీకటి కాదు. దుకాణాల ముందు 1600తో 1/125, ఎఫ్ 2.8 హాయిగా వస్తుంది, రెండు దుకాణాల మధ్య సందులో రెండు స్టాపులు పడిపోతుంది. పిల్లలు గాజుల దగ్గరా బొమ్మల దగ్గరా ఎలాగూ ఆగుతారు, అక్కడే కాచుకోండి. జెయింట్ వీల్ కింద నిలబడి పైకి గురిపెట్టకండి, బల్బులకు మీటర్ మోసపోయి పిల్లలు నల్లటి బొమ్మలవుతారు.

అదే మోసం సంక్రాంతి పతంగుల దగ్గర ఇంకా ఎక్కువ. డాబా మీద పిల్లవాడు తల ఎత్తి మాంజా లాగుతుంటాడు, వెనక తెల్లటి ఆకాశం. కెమెరాలోని మీటర్ ఆకాశాన్ని చూసి లెక్క వేస్తుంది. మీ అరచేతిని ఆ పిల్లవాడి మొహం మీద ఎలాంటి వెలుతురు పడుతోందో అలాంటి వెలుతురులో పెట్టి, దాన్నే మీటర్ చేసి, ఒక స్టాపు తెరవండి. అరచేయి ఎవరిదైనా దాదాపు ఒకే తెలుపు. మీటర్ అనుకునే బూడిద రంగు కంటే ఒక స్టాపు ఎక్కువ. నేరుగా మొహాన్నే మీటర్ చేస్తే మాత్రం పాశ్చాత్య పుస్తకాల్లో చెప్పే "ఒక స్టాపు కలపండి" అన్న సూత్రం మన పిల్లలకు వర్తించదు. అది వాళ్ళ తెల్లటి చర్మానికి. మన చామనఛాయ మొహం ఆ బూడిద రంగుకు దగ్గరే ఉంటుంది, మీటర్ చూపించింది చూపించినట్టు వాడండి. డాబా మీద ఎండ కరుకు కాబట్టి ఇక్కడ పుష్‌కి తిరగేసి చేయాలి: 400 రీలును 200కి వాడి, కడిగే టైము ఐదో వంతు తగ్గించండి.

ఇళ్ళల్లో ఎల్‌ఈడీలు, చోకు ట్యూబ్‌లైట్లు ఉన్న చోట షట్టర్‌తో జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ లైట్లు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటాయి. కంటికి తెలియదు. 1/250, అంతకంటే వేగంగా పెడితే ఒక ఫ్రేము తెల్లగా, పక్కది నల్లగా, ఒక్కోసారి చారలుగా వస్తుంది. 1/60, 1/125 దగ్గర ఉండండి.

లెన్సు, కెమెరా, ఫ్లాష్

50 ఎంఎం ఎఫ్ 1.8 చాలు. ఎఫ్ 1.4కి పెట్టే అదనపు డబ్బుతో వచ్చేది మూడింట రెండొంతుల స్టాపు, అంతే. ఆ డబ్బుకు రీళ్ళు కొనండి. 35 ఎంఎం, 50 ఎంఎం మధ్య మాత్రం ఆలోచించాలి. ఎఫ్ 2 దగ్గర, ఒకటిన్నర మీటర్ల దూరంలో 50 ఎంఎంకి ఫోకస్‌లో నిలిచేది సుమారు 11 సెంటీమీటర్లు. 35 ఎంఎంకి సుమారు 22. కదిలే పిల్లలతో ఈ తేడా పెద్దదే. మొహం అంతే పెద్దగా కావాలని దగ్గరికి జరిగితే ఆ లాభం పోతుందనుకోండి. చిన్న గదుల్లో, ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఆడుతుంటే 35. ఒక్కరే చదువుకుంటూ, తింటూ, నిద్రమత్తులో ఉంటే 50. కిట్ జూమ్‌లు (కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్సులు) ఎఫ్ 3.5 దగ్గర మొదలవుతాయి, రాత్రికి పనికిరావు.

కెమెరాల్లో మాన్యువల్ ఎస్ఎల్ఆర్‌లు (లెన్సులోంచే చూస్తూ చేత్తో ఫోకస్ తిప్పేవి), అంటే పెంటాక్స్ కే1000, నికాన్ ఎఫ్ఎం10 లాంటివి, బ్యాటరీ అయిపోయినా నడుస్తాయి, మీటర్ ఒక్కటే ఆగుతుంది. చప్పుడు ఎక్కువ. మొదటి రెండు క్లిక్కులకు పిల్లలు తలెత్తి చూస్తారు, తర్వాత పట్టించుకోరు. కానన్ కానొనెట్ క్యూఎల్17, యాషికా ఎలక్ట్రో 35 లాంటి రేంజ్‌ఫైండర్లు (లెన్సులోంచి కాకుండా వేరే చిన్న కిటికీలోంచి చూసేవి) చాలా మెల్లగా క్లిక్కుమంటాయి, లెన్సులు ఎఫ్ 1.7. నిద్రపోతున్న పసిపాప పక్కన ఇవే బాగుంటాయి. కానీ 80 సెంటీమీటర్ల కంటే దగ్గరికి పోనివ్వవు, వీటికి సరిపడే పాత పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. యాషికాతో ఇంకో ఇబ్బంది: షట్టర్ స్పీడు అదే నిర్ణయిస్తుంది, ఎంత పెట్టిందో మనకు చెప్పదు. పిల్లల విషయంలో నాకు అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే.

ఎవరూ పట్టించుకోని ఎంపిక 1990లు, 2000ల నాటి ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌లు. నికాన్ ఎఫ్80, కానన్ ఈఓఎస్ సిరీస్‌లోవి. చూడ్డానికి ప్లాస్టిక్, మెడలో వేసుకుని మనం ఫొటో దిగితే గొప్పగా కనిపించవు, అందుకే చవక. కారిడార్‌లో క్రికెట్ ఆడే పిల్లల వెంట చేత్తో ఫోకస్ తిప్పడం కంటే ఇవి పది రెట్లు నయం. ఫోకస్ కోసం వెలిగే చిన్న లైటును మెనూలో ఆపేయండి, లేకపోతే పిల్లలు దాన్నే చూస్తారు. జేబు కెమెరాలు ఈ పనికి వద్దు. చాలావాటిలో రీలు డబ్బా మీది కోడ్ చూసి స్పీడు అవే పెట్టుకుంటాయి, 1600కి మార్చనివ్వవు. కాస్త చీకటైతే చాలు, ఫ్లాష్ వేసేస్తాయి.

ఫ్లాష్ గురించి రెండు మాటలు. తెల్లటి స్లాబు ఉన్న ఫ్లాట్‌లో పైకప్పుకు కొట్టించి వాడితే వెలుతురు బాగానే వస్తుంది. పాతబస్తీ ఇళ్ళల్లో ఎత్తైన కప్పులకు, దూలాలకు కొడితే ఏమీ తిరిగి రాదు. పైగా మొదటి మెరుపుతోనే పిల్లలు "ఫొటో!" అని వరసగా నిలబడి పళ్ళికిలిస్తారు, వాళ్ళ మానాన వాళ్ళుండగా తీసే క్యాండిడ్ అక్కడితో అయిపోయింది. మన ఊళ్ళో ఆ నిలబెట్టే అలవాటు పాతదే. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో ఇక్కడ ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో కూడా పెట్టించాడు. ఆ కాలంలో పిల్లలు కదిలితే ఫొటో పాడైనట్టే. ఇప్పుడు కదలడమే మనకు కావాలి కాబట్టి చీకట్లో ఏది ముందు వదులుకోవాలో ముందే తేల్చుకోండి. ముందు నీడల్లో వివరం పోనివ్వండి, తర్వాత గ్రెయిన్ రానివ్వండి, ఆపైన ఫోకస్ లోతు తగ్గనివ్వండి. షట్టర్‌ని ఆఖరున ముట్టుకోండి. కూర్చున్న పిల్లలకు 1/60, తింటూ మాట్లాడేవాళ్ళకు 1/125. గంతులేసేవాళ్ళకు 1/250 కావాలి, రాత్రి అది కుదరదు. ఉయ్యాల పైకెళ్ళి ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అలాంటి క్షణాల కోసం కాచుకోవడమే.

ఎదురింటి పిల్లలనైనా, బస్తీలో ఆడుకునేవాళ్ళనైనా పెద్దవాళ్ళను అడిగే తీయండి. అడిగిన పావుగంటకు ఎలాగూ అందరూ మిమ్మల్ని మర్చిపోతారు. "ఇగ చాలు బిడ్డా, దిష్టి తగుల్తది" అని వాళ్ళ నానమ్మ అంటే నిజంగానే కెమెరా దించేయండి. తర్వాత ఒక ప్రింటు తీసుకెళ్ళి ఇస్తే వచ్చేసారి ఆమే పిలుస్తుంది.

కడగడం

ఇంట్లో కడగాలా, ల్యాబుకివ్వాలా? మామూలు 400కే తీసిన రీలైతే మంచి ల్యాబు చాలు. పుష్ చేసిన రీళ్ళను మాత్రం ఇంట్లోనే కడుక్కోమంటాను. టైము, డెవలపర్, కదిపే తీరు మన చేతిలో ఉంటేనే ఒక రీలుకి వచ్చింది ఇంకో రీలుకి వస్తుంది.

హైదరాబాదులో చిక్కు వేడి. టైములన్నీ 20 డిగ్రీలకు ఇస్తారు. మే నెలలో ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాగిపోయి ఉంటాయి. ఐస్ ముక్కలు డెవలపర్‌లో వేయకండి, పలచబడిపోతుంది. టబ్బులో ఐస్ నీళ్ళు పోసి సీసాలను అందులో నిలబెట్టండి. 20కి దించడానికి తంటాలు పడనక్కర్లేదు, 24 దగ్గర ఆపి, ప్రతి డిగ్రీకి సుమారు పదో వంతు టైము తగ్గించండి. పుష్ రీళ్ళకు ఇది కలిసొస్తుంది: ఐడీ-11లో 14 నిమిషాలది తొమ్మిది, పది నిమిషాలకి దిగుతుంది. 400కే తీసిన రీలుకి మాత్రం టైము 5 నిమిషాల చుట్టుపక్కలకి పడిపోతుంది. అంతకంటే తగ్గితే మచ్చలు మచ్చలుగా కడిగే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు ఐడీ-11లో సమానంగా నీళ్ళు కలపండి, 20 డిగ్రీల టైమే 13 నిమిషాలు అవుతుంది, తగ్గించినా ఇబ్బంది లేదు. ఫిక్సర్ (బొమ్మను నిలిపే రసాయనం), కడిగే నీళ్ళు కూడా ఆ వేడికి దగ్గరలోనే ఉండాలి.

బోరు నీళ్ళు వచ్చే అపార్ట్‌మెంట్లలో ఆరాక నెగటివ్ మీద తెల్లటి చారలు పడతాయి, పిల్లల నుదుటి మీదే పడ్డాయనిపిస్తుంది. ఆఖరి కడుగుకి బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడి, రెండు చుక్కలు వెటింగ్ ఏజెంట్ (నీళ్ళు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసేది) కలపండి. ఎవరో ఒకరు వేడినీళ్ళ స్నానం చేసొచ్చాక బాత్రూంలో వేలాడదీస్తే, ఆవిరికి దుమ్మంతా అప్పటికే దిగిపోయి ఉంటుంది. తలుపు మూసి, ఫ్యాను వేయకుండా రాత్రంతా వదిలేయండి.